కేతేపల్లి ఒకటా, రెండా?

విజయవాడ బస్సెక్కి నకిరేకల్ దాటితే, సూర్యాపేట రాకముందే కేతేపల్లి వస్తుంది. నల్లగొండ జిల్లాలో మండల కేంద్రం. 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకు బాగా తెలిసిన కొర్లపహాడ్ టోల్‌గేటు ఈ మండలంలోదే. ఇంకో కేతేపల్లి ఉంది. అది పాలమూరు వైపు, ఇప్పటి వనపర్తి జిల్లా పానగల్ మండలంలో. పేరు ఒకటే, పలికే తీరూ ఒకటే. చిక్కు ఇంతటితో ఆగదు. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరి పేరు కూడా పానగల్లే. "పానగల్ కాడి కేతేపల్లి" అని ఎవరైనా అంటే, ఏ పానగల్, ఏ కేతేపల్లి అని తిరిగి అడగాల్సిందే.

మనిషైతే అడుగుతాడు. ప్రోగ్రామ్ అడగదు. కొన్నేళ్ల కింద నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రామ్ ఈ రెండు ఊళ్లనూ కలిపేసింది. ఒక పట్టికలో చెరువులు, ఇంకో పట్టికలో బడులు, మూడో దాంట్లో జనాభా. ఊరి పేరు పట్టుకుని మూడింటినీ జోడించి పటం మీదికి ఎక్కించడమే దాని పని. స్క్రీన్ మీద అంతా ముచ్చటగా కనిపించింది. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ఆ పటాన్ని నల్లగొండ వైపు కేతేపల్లి కుర్రాడొకడికి ఫోన్లో పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"అన్నా, గీ కుంట మా ఊర్ల లేదే. ఏడికెళ్లి తెచ్చినవ్?"

నా దగ్గర జవాబు లేదు. మూడు పట్టికలు కలిసిపోయాక ఏ అంకె ఏ పట్టికలోంచి వచ్చిందో నా ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకోలేదు. తప్పు దొరికింది గానీ తప్పు మొదలైన చోటు దొరకలేదు. పాత ఫైళ్లన్నీ ముందేసుకుని వెతికితే రెండు రోజులకు తేలింది, ఆ కుంట పానగల్ మండలం కేతేపల్లిదని. ఆ రెండు రోజులూ నాకు బాధ కలిగించింది కుంట తప్పుగా పడడం కాదు. ఊరివాడు ఇంత సూటిగా అడిగితే జవాబివ్వలేని పనిముట్టు తయారుచేశానే అని. ఈ అధ్యాయంలో మీకు చెప్పాలనుకున్నది ఆ ఒక్క విషయమే. నలుగురు చెప్పినదాన్ని ఒకచోట చేర్చే పనిముట్టు ఏది రాసినా, ఎవరి మాట ఎవరిదో చెరిగిపోకుండా రాయండి.

ఊరంతా కలిసి గీసే పటం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు వినే ఉంటారు. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ పటాలు వాడుకోవాలంటే డబ్బు కట్టాలి. అందుకని జనమే తిరిగి, జనమే గీసి, అందరికీ ఇచ్చుకునే పటం ఒకటి ఉండాలనుకున్నాడు. దాని లోపలి కట్టుబడి చాలా తేలిక. ఊరు, బోరు, బస్టాపు లాంటివి ఒక్కో చుక్క. దాన్ని నోడ్ అంటారు. చుక్కలను వరుసగా కలిపితే బాట, కాలువ, చెరువు గట్టు. అది వే. వేలను కట్టగా కడితే మూసీ నది లాంటి పెద్దది. అది రిలేషన్. ఈ మూడింటికీ ట్యాగులు తగిలిస్తారు. ఇది బడి, దీని పేరు ఇది, తెలుగులో పేరు ఇది అని. ఒక చుక్కను ఎవరు ఎప్పుడు కదిపినా పాత రూపం పోదు. ఎవరు కదిపారో, ఎందుకని రాశారో అన్నీ చరిత్రలో ఉంటాయి. నా ప్రోగ్రామ్‌లో లేని గుణం అక్కడ ఉంది.

దీనికి తోడు క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏ పటాన్నైనా పొరలు పొరలుగా తెరిచి చూడొచ్చు, కొలవొచ్చు, దిద్దొచ్చు. పైథాన్ వచ్చిన ఎవరైనా దానికి ప్లగిన్ రాయొచ్చు. సూర్యాపేటలోనో నల్లగొండలోనో ఇంజనీరింగ్ చదివి ఇంటి దగ్గర ఉన్న పిల్లలకు కావాల్సిన సరంజామా ఇంతే. ఒక ల్యాప్‌టాప్, నెట్, ఓపిక.

మన దేశంలో పటం గీయడమంటే ఒకప్పుడు అనుమతుల వ్యవహారం. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చాక భారతీయులు, భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే సమాచారం సేకరించి పటాలు చేసుకునే వీలు కలిగింది. దారి తెరుచుకుంది కాబట్టి ఇక పని గురించి మాట్లాడుకుందాం.

పేరును నమ్మి జత కట్టొద్దు

సమాచారం కొదువేమీ లేదు. 2011 జనాభా లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక సంఖ్య ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊళ్లకు, పంచాయతీలకు వేరువేరు కోడ్‌లు ఉన్నాయి. మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కతేలిన చెరువులు, కుంటలు 46,531. 2016లో తెలంగాణ ఓపెన్ డేటా విధానం వచ్చింది. వీటన్నిటి పక్కన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో జనం గీసినవి. ఇవన్నీ ఒక పటం మీదికి రావాలి. వచ్చేటప్పుడు మొదట తగిలే రాయి పేరు.

కేతేపల్లినే తీసుకోండి. ఇంగ్లిషులో రాసేటప్పుడు ఒకరు టి పక్కన హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. చివర ఒకరు వై రాస్తారు, ఒకరు ఐ, ఒకరు ఈ. ఈ రెండు తేడాలకే ఆరు రూపాలు వచ్చాయి. తెలుగులో రాస్తే బాధ తీరుతుందనుకుంటాం. తీరదు. పల్లి అని ఒకరు, పల్లె అని ఒకరు. చూడడానికి ఒకేలా ఉన్న రెండు మాటల్లో ఒకదాని మధ్య కంటికి కనబడని యూనికోడ్ గుర్తు దాక్కుని ఉంటుంది. కంప్యూటర్‌కు అవి రెండు వేరు మాటలు. పోల్చే ముందు అలాంటి గుర్తులను, అదనపు ఖాళీలను తీసి మాటను శుభ్రం చేసుకోవాలి. అసలు రూపాన్ని మాత్రం పక్కన భద్రంగా ఉంచాలి.

రెండు మాటల మధ్య ఎన్ని అక్షరాలు మార్చితే ఒకటి ఇంకోటవుతుందో లెక్కబెట్టే పద్ధతి ఒకటుంది. లెవెన్‌స్టైన్ దూరం అంటారు. పైథాన్‌లో దానికి సిద్ధంగా ఉన్న లైబ్రరీలు దొరుకుతాయి. వాడండి. కానీ దాని మాటే ఆఖరి మాట అనుకోవద్దు. రెండు కేతేపల్లిల మధ్య ఆ దూరం సున్నా. నేల మీద నూటయాభై కిలోమీటర్ల పైమాటే. కేతేపల్లి మండలంలో భీమారం ఉంది. హనుమకొండ పక్కన ఒక భీమారం ఉంది. మంచిర్యాల జిల్లాలో భీమారం ఏకంగా మండల కేంద్రం. మనవాళ్లు ఊళ్లకు పేర్లు పెట్టింది కంప్యూటర్‌లో జత కట్టడానికి కాదు గదా. గుట్టను బట్టి, దేవుణ్ని బట్టి, కట్టించిన మనిషిని బట్టి పెట్టుకున్నారు. అలాంటి గుట్టలూ దేవుళ్లూ ప్రతి తాలూకాలో ఉన్నారు.

అందుకని పేరును పిలుపుగా వాడండి, తీర్పుగా కాదు. పేరు కలిస్తే "వీళ్లు చుట్టాలు కావచ్చు" అని మాత్రమే అర్థం. ఆ తర్వాత కోడ్ కలుస్తుందా చూడాలి. కోడ్ లేకపోతే మండలం చూడాలి, రెండు చుక్కల మధ్య దూరం చూడాలి, చుట్టూ ఉన్న ఊళ్లు అవేనా చూడాలి. కోడ్ ఉంది కదా, ఇంకేమని అంటారేమో. 2018లో కొత్త చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. 2011 లెక్కల్లో వాటిలో చాలావాటికి సొంత సంఖ్య లేదు, పెద్ద ఊరి లెక్కలోనే కలిసి ఉన్నాయి. కోడ్ మీదే ఆధారపడిన పనిముట్టుకు తండా కనపడదు. దశాబ్దాలు పోరాడి పంచాయతీ తెచ్చుకున్న తండాను మన ప్రోగ్రామ్ ఒక్క లైనుతో మళ్లీ మాయం చేస్తుంది. ఇది సాంకేతిక లోపమని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు.

కాలం ఇంకో చిక్కు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు పట్టికల్లో సూర్యాపేట కూడా నల్లగొండ జిల్లానే. కేతేపల్లి నల్లగొండలో ఉండిపోయింది, పక్కనున్న సూర్యాపేట వేరే జిల్లా అయింది. సోలిపేట దగ్గర మూసీ మీద 1963లో పూర్తయిన ప్రాజెక్టు ఉంది. నిండితే 4.46 టీఎంసీలు. జిల్లా సరిహద్దు గీతతో పటాన్ని కోస్తే ఆ జలాశయం రెండు ముక్కలై, రెండు జిల్లాల లెక్కలో రెండు చెరువులుగా పడుతుంది. నీళ్లకు జిల్లా తెలియదు. కోయాల్సి వస్తే ముక్కలు రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంచండి. ప్రతి వరుసలో "ఏ తేదీ నాటి జిల్లా" అనే గడి పెట్టండి. చిన్న గడి అది, కానీ పదేళ్ల గందరగోళాన్ని ఆపుతుంది.

చుక్క ఎక్కడ పడింది?

కేతేపల్లి అక్షాంశం 17 దాటి కొంచెం, రేఖాంశం 79న్నర దగ్గర. మనం మాట్లాడేటప్పుడు అక్షాంశం ముందు చెబుతాం. పటం సమాచారం దాచే జియోజేసన్ ఫైల్లో రేఖాంశం ముందు రావాలి. తారుమారైతే కేతేపల్లి పోయి ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, స్వాల్‌బార్డ్ మంచు దీవుల దగ్గర తేలుతుంది. ఈ తప్పు ప్రతివాళ్లూ ఒకసారి చేస్తారు. పటాన్ని పూర్తిగా దూరం జరిపి చూడడం అలవాటు చేసుకుంటే ఇట్టే దొరుకుతుంది.

దొరకనిది ఇంకోటి ఉంది. భూమి గుండ్రంగానే ఉంటుంది గానీ దాన్ని ఏ కొలతల గుండుగా లెక్కగట్టామన్నది పటాన్ని బట్టి మారుతుంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే దక్కన్ మీదుగా పైకి పాకింది. ఆయన దగ్గర సహాయకుడిగా 1818లో చేరిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాన పడి నానా తిప్పలు పడ్డాడు. ఆయన పేరుతోనే 1830 నాటి భూగోళ కొలత ఉంది. మన పాత సర్వే పటాలు ఆ కొలత మీద గీసినవి. ఫోన్‌లోని జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84. రెండింటినీ మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మన ప్రాంతంలో చుక్క నూరు మీటర్లకు పైగా జరుగుతుంది. ఊళ్లో నూరు మీటర్లంటే ఒకరి బావి ఇంకొకరి చెల్కలో పడడం. ప్రతి ఫైలు ఏ కొలతలో ఉందో మొదట అడిగి, రాసుకుని, అప్పుడే తెరవాలి. ఇక మీటర్లలో దూరాలు కొలవడానికి యూటీఎం జోన్‌లు వాడతాం. 78వ రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. నల్లగొండ, కేతేపల్లి 44లో ఉంటాయి, నారాయణపేట, గద్వాల 43లో. పాత పాలమూరు జిల్లా మొత్తాన్ని ఒకే లెక్కలో కొలిచేవాళ్లు ఇది మరిచిపోతే ఆ చివరి ఊళ్ల కొలతలు కొద్దికొద్దిగా చెడతాయి.

కట్ట మీద కూర్చున్న రోజు

ఇప్పుడొక సంగతి నిదానంగా చెప్పాలి. ఆ కుర్రాడు, నేను కలిసి ఒక ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లాం. సాయంత్రం పూట. కట్ట మీద తుమ్మచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వాళ్లది నీరటి కుటుంబం. తూము తీయడం, మూయడం, అలుగు పారేటప్పుడు కాపలా ఉండడం తాతల నాటి నుంచి వాళ్ల పని. ఫోన్‌లో పటం చూపించి, "తాతా, గిది పెద్ద చెర్వే గదా" అని అడిగాడు కుర్రాడు. మా పట్టికలో అలాగే ఉంది.

పెద్దాయన ఫోన్ వైపు చూడలేదు. నీళ్ల వైపు చూశాడు.

"కాయిదంల పెద్ద చెర్వు, బిడ్డా. మేం ఊర చెర్వంటం. పెద్ద చెర్వని మేమనేది గా అవుతలి ఊరోళ్లది."

రెండు ఊళ్లు, రెండు చెరువులు, రెండు పేర్లు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాగితం చెప్పింది కాగితం లెక్కలో నిజం, ఊరు చెప్పింది ఊరి లెక్కలో నిజం. నా పాత ప్రోగ్రామ్ అయితే ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని కొట్టేసేది. ఏది కొట్టేసినా రేపు ఎవరో ఒకరు వెతికి దొరకక తిరిగిపోతారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దీనికి చోటుంది. అందరూ పిలిచే పేరుకు ఒక ట్యాగు, అధికారిక పేరుకు ఒకటి, స్థానికంగా పలికే పేరుకు ఒకటి, తెలుగు రూపానికి వేరే ఒకటి. నింపేవాళ్లు లేక చాలాచోట్ల అవి ఖాళీగా ఉన్నాయి.

ఇంకా అడిగాం. నీళ్లు ఎంతవరకు వస్తాయని. ఆయన చెయ్యి చాపి చూపించాడు. వానకాలం నిండితే ఆ వేపచెట్టు దాకా, ఎండాకాలం తూము ముందు ఇంత. ఉపగ్రహ చిత్రం ఏప్రిల్‌లో తీసింది పెట్టుకుని గీత గీస్తే చెరువు కుంటవుతుంది. నీళ్లు దిగిపోయిన శిఖం భూమి ఖాళీ జాగాలా కనిపిస్తుంది. ఖాళీగా కనిపించిన జాగా ఏమవుతుందో హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే చెరువు గీతకు చిత్రం తీసిన నెల రాసి తీరాలి. ఎండిపోయే చెరువైతే ఆ సంగతి చెప్పే ట్యాగు వేయాలి.

పనిముట్టు ఎలా కట్టాలి

ఇక మీ ప్లగిన్. మొదట వచ్చిన ఫైలును వచ్చినట్టే ఒక చోట దాచండి. దాన్ని ఎప్పుడూ దిద్దొద్దు. దిద్దేదంతా ఇంకో పట్టికలో. అందులో ప్రతి వరుసకూ అసలు మాట, శుభ్రం చేసిన మాట, ఎక్కడిది, ఎప్పటిది, ఏ షరతు మీద ఇచ్చారు, చివరికి ఏది ఖాయం చేశాం, ఎవరు ఖాయం చేశారు అన్న గడులు ఉండాలి. క్యూజీఐఎస్‌లో జియోప్యాకేజ్ ఒక్క ఫైలులో ఈ పట్టికలన్నీ ఇముడుతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరికి తీసుకుపోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇప్పటికే ఉన్నదాన్ని తెచ్చుకోవడానికి ఓవర్‌పాస్ వాడండి. ఒక మండలం హద్దు ఇచ్చి "ఇందులో ఉన్న బడులన్నీ ఇవ్వు" అంటే ఇస్తుంది.

జత కలిపే చోట మూడు గూళ్లు చేయండి. కోడ్, దూరం, పేరు మూడూ కలిస్తే ఒక గూట్లోకి. ఏదీ కలవకపోతే ఇంకో గూట్లోకి. మధ్యలో ఊగిసలాడేవన్నీ మూడో గూట్లోకి. ఆ మూడో గూటిని ప్రోగ్రామ్ ముట్టుకోకూడదు. దాన్ని మనిషి ముందు పెట్టాలి. చాలామంది ఆ గూటిని ఎంత చిన్నది చేస్తే అంత గొప్ప అనుకుని, సందేహం ఉన్నవాటిని కూడా మొదటి గూట్లోకి తోసేస్తారు. నేనూ అదే చేశాను. సందేహాన్ని సందేహంగా ఒప్పుకునే పనిముట్టు మీద ఊరివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ఒకేసారి లక్షల వరుసలు పటంలోకి కుమ్మరించాలన్న ఆశ పుడుతుంది. అమెరికాలో 2007, 2008ల్లో జనాభా లెక్కల శాఖ వారి టైగర్ రోడ్ల సమాచారాన్ని అలాగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించారు. దేశం మొత్తం ఒక్కసారిగా నిండింది. లేని రోడ్లు, పక్కకు జరిగిన రోడ్లు కూడా వచ్చిపడ్డాయి. వాటిని స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి దిద్దుతూనే ఉన్నారు. అందుకే ఇప్పుడు పెద్ద ఎత్తున ఎక్కించే ముందు అక్కడి సభ్యులతో చర్చించాలన్న నియమం ఉంది. షరతుల సంగతీ అంతే. 2012 నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం ఓడీబీఎల్ లైసెన్సు కింద ఉంది. కంపెనీల పటాల్లోంచి చూసి గీయడం కుదరదు. ప్రభుత్వ పట్టికైనా ఏ షరతు మీద ఇచ్చారో చదివాకే ముట్టుకోవాలి. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, పాసుబుక్ వివరాలు ఏ పటంలోకీ రాకూడదు. పనిముట్టు వాటిని చదివే దశలోనే వదిలేయాలి.

నల్లగొండవాళ్లకు ఇంకొక్క మాట. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంకెలు చాలా పట్టికల్లో దొరుకుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని గీత ఉంది. కానీ ఆ అంకె పక్కన తేదీ, బోరు లోతు లేకపోతే అది ఎవరికీ పనికిరాదు. వానలకు ముందు కొలిచినదీ తర్వాత కొలిచినదీ ఒకటి కావు. రెండు అంకెల సగటు తీసి పటం మీద ఒక రంగు పూస్తే, ఆ రంగును నమ్మి బిందె ముంచే అమ్మకు మనం అన్యాయం చేసినట్టే. నడుము వంగిన పిల్లలను చూసిన జిల్లా ఇది. ఇక్కడ సగటు తీసే ముందు చేయి ఆగాలి.

ఒక మండలంతో మొదలుపెట్టండి, మీదే. వారంలో రెండు సాయంత్రాలు ల్యాప్‌టాప్ ముందు, ఒక ఆదివారం ఊళ్లో. మొదటి నెల ఊళ్ల పేర్లు, కోడ్‌లు ఖాయం చేయడానికే సరిపోతుంది. విసుగొస్తుంది. అప్పుడు ఒక ఊరిని పూర్తిచేసి ఆ ఊరి పిల్లలకు చూపించండి. తప్పులు వాళ్లే పట్టిస్తారు, పట్టించిన ప్రతి తప్పూ మూడో గూట్లోంచి ఒక వరుస తగ్గిస్తుంది.

మా ప్లగిన్‌లో "ఎక్కడిది" అనే గడికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మూలం అనీ ఆధారం అనీ అనుకున్నాం. చివరికి కుర్రాడి మాటే ఉంచాం. ఇప్పుడు ఆ చెరువు వరుస తెరిస్తే రెండు పేర్లూ కనిపిస్తాయి. మొదటి దాని పక్కన ప్రభుత్వ పట్టిక, దాని తేదీ. రెండో దాని పక్కన "ఏడికెళ్లి" గడిలో ఇలా ఉంటుంది: నీరటి కుటుంబం పెద్దాయన, కట్ట మీద, సాయంత్రం. పేరు రాయొద్దన్నాడు, రాయలేదు. ఆ అవతలి ఊరి చెరువు వరుస ఇంకా మూడో గూట్లోనే ఉంది. అక్కడి కట్ట మీద ఎవరు కూర్చుంటారో కనుక్కోమని కుర్రాడికి చెప్పాను.